ఊదారంగు పందిరి

ఆ ఎండాకాలం నేను మా ఆయన పనిచేసే పోలీస్ స్టేషన్ మీద వార్త రాశాను.

కోడుమూరు దాటినాక గుట్టల నడుమ ఉండే సంగాలబండ మా మండల కేంద్రం. మా ఆయన యేసుప్రసాద్ అక్కడ కానిస్టేబుల్. నేను ఒక దినపత్రికకు ఆ మండలం విలేకరిని. స్టేషన్ వెనకున్న పోలీసు క్వార్టర్స్‌లో కాపురం. రెండు ఉద్యోగాలూ ఒకే ఇంట్లో ఎట్లా ఇముడుతాయని అందరూ అడిగేవాళ్లు. ఇమిడేవి. ఆయన స్టేషన్ సంగతులు ఇంట్లో ఎత్తేవాడు కాదు, నేను అడిగేదాన్ని కాదు. ప్రమాదమో దొంగతనమో జరిగితే మిగతా విలేకరుల్లాగే స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్ వెంకటేశ్వర్లుకు ఫోన్ చేసి వివరాలు రాసుకునేదాన్ని. గోడకు అవతల ఉన్న మనిషికి ఫోన్ చేయడం చూసి యేసుప్రసాద్ నవ్వుకునేవాడు.

ఎన్నికల ప్రకటనకు కొన్నాళ్ల ముందు కొత్త సీఐ వచ్చాడు. పేరు రంగనాథ్, బద్వేలు వైపు మనిషి. మా ఎమ్మెల్యే పట్టుబట్టి రప్పించుకున్నాడని ఊరంతా అనుకున్నారు. ఊరు అనుకునేది వార్త కాదు కాబట్టి నేను రాయలేదు.

చేరిన కొత్తలోనే ఆయన విలేకరులందరినీ పిలిచి ఉగ్గాని, బజ్జీ పెట్టించాడు. అందరి భుజాల మీదా చెయ్యేసి పలకరించాడు.

"మీరూ మేమూ వేరే కాదబ్బా. ఎలక్షన్ అయ్యేదాకా కొంచెం చూసి రాయండి. ఈసారి గూడా మనోళ్లే వస్తారు. మళ్లా మనం మొగాలు చూసుకోవాల గదా," అన్నాడు.

అందరూ నవ్వారు.

"మనోళ్లంటే ఎవురు సార్?" అన్నాను.

ఇంకో పత్రికలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న మద్దిలేటి టేబులు కింద నా కాలు తొక్కాడు. సీఐ నవ్వు మొహం మీద అట్లాగే ఉంది గానీ, చూపు మారింది. "ఎవురీమె?" అని రైటర్‌ను అడిగాడు.

"మన యేసుప్రసాద్ ఇంటామె సార్," అన్నాడు వెంకటేశ్వర్లు.

"ఓహో. అయితే మన ఇంటి మనిషే," అన్నాడు సీఐ. "ఇంటి మనిషివి ఇట్ల అడిగితే ఎట్లమ్మా? తిను తిను, బజ్జీ సల్లారిపోతాది."

నా ప్రశ్నకు జవాబు రాలేదు. నేను తిన్నాను. ఆకలిగా ఉంది మరి.

మా అమ్మ సంతోషమ్మది సంగాలబండకు ఆనుకునే ఉన్న పల్లె. కూలిపని చేస్తుంది. మా చర్చిలో ఆడవాళ్ల సంఘం, స్త్రీల మైత్రికి ఆమే పెద్ద. ప్రతి ఏడూ ఈస్టర్‌కు ముందొచ్చే లెంటు రోజుల్లో ఆ ఆడవాళ్లు బస్టాండు దగ్గర చలివేంద్రం పెడతారు. మట్టి కుండలు, చెంబులు, వేపకొమ్మల నీడ, అంతే. ఆ ఏడు చర్చి కిటికీలకూ బల్లకూ ఊదారంగు గుడ్డ కొన్నారు. యేసుప్రభువు శ్రమలను తలచుకునే రోజులు కాబట్టి లెంటులో చర్చి అంతా ఆ రంగే ఉంటుంది. కుట్టించగా మిగిలిన గుడ్డను వృథా చేయడమెందుకని అమ్మవాళ్లు చలివేంద్రానికి పందిరిగా కట్టారు.

ఎన్నికల్లో పోటీపడుతున్న ప్రతిపక్షం జెండా కూడా ఊదారంగే. ఆ సంగతి గుడ్డ కొన్నప్పుడు ఆ ఆడవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

రోడ్డుకు అవతల అధికార పార్టీ చలివేంద్రం ఉండేది. బస్టాండులో విత్తనాల అంగడి నడిపే ఉరుకుందు దాన్ని చూసుకునేవాడు. మజ్జిగ ప్యాకెట్లు, కుర్చీలు, ఎమ్మెల్యే నిలువెత్తు ఫ్లెక్సీ. ఎన్నికల కోడ్ వచ్చాక కూడా ఆ ఫ్లెక్సీకి ఎవరూ ముసుగు వేయలేదు.

ఆ రోజు తహసీల్దారు ఆఫీసు నుంచి వస్తూ దాహమై అమ్మ దగ్గర ఆగాను. ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. అప్పుడే జీపులు వచ్చాయి. సీఐ ముందు అవతలి వైపు దిగాడు. ఉరుకుందు ఎదురొచ్చి మజ్జిగ ఇచ్చాడు. తాగి, మూతి తుడుచుకుని, రోడ్డు దాటి ఇవతలికొచ్చాడు.

"ఎవురు పెట్టినారు ఇది?"

"మేమే సార్. గుడి ఆడోళ్లం," అంది అమ్మ.

"కోడ్ ఉండాదని తెల్దా? పార్టీ రంగు కట్టినారు."

"పార్టీది కాదు సార్, లెంటు రంగు. ప్రభువు శ్రమపడిన దినాలు గదా సార్. ఈ దినాల్లో మేము ఈ రంగే కడతాం."

"ప్రభువుది ఏ పార్టీ?" అన్నాడు సీఐ. రోడ్డుకు అవతల ఉరుకుందు గట్టిగా నవ్వాడు.

అమ్మకు కోపం రాలేదు. అడిగాడు కదా అని చెప్పింది. "ఆయనకు ఓటు లేదు సార్."

ఈసారి బస్సు కోసం నిలబడ్డ జనమంతా నవ్వారు. ఆ నవ్వే ఆయనకు తగిలిందనుకుంటాను. "పీకండ్రా," అన్నాడు.

హోంగార్డులు కట్టెలు పీకారు. గుడ్డ కుండల మీద పడింది. గుడ్డ కింద ఎత్తుగా కనబడుతున్న కుండను సీఐ బూటుకాలితో తన్నాడు. తర్వాత ఇంకోటి. నీళ్లు గుడ్డను తడిపి తారు మీదికి పారాయి. అమ్మ పక్కనుండే లక్ష్మక్క నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

"నీళ్లను తంతావా సార్? నీళ్లను తంతావా?" అని అరుస్తూనే ఉంది. ఇంకో మాట ఆమెకు దొరకలేదు.

నేను మొదటి నుంచీ వీడియో తీస్తున్నాను. కుండలు పగిలేదాకా తీసి, నిలబడ్డచోటి నుంచే మా పత్రిక డెస్క్‌కు పంపాను. తర్వాత మళ్లీ ఫోన్ ఎత్తి, విరిగిన పెంకుల నుంచి రోడ్డుకు అవతలి ఫ్లెక్సీ దాకా తిప్పాను. అప్పుడు చూశాడు నన్ను.

"ఏయ్, దించు ఫోన్."

"నేను విలేకరిని సార్. మీకు తెలుసు."

"విలేకరివా, ఆ పార్టీ కార్యకర్తవా? చేతిలో ఫోన్ ఉంటే ప్రతోడూ విలేకరే. మీ జాతినంతా చూసినా నేను." వెనక్కి తిరిగాడు. "యేసుప్రసాద్! ఆ ఫోన్ తీస్కో."

మా ఆయన రెండో జీపులో వచ్చాడు. రోడ్డు మీద బండ్లను పక్కకు పంపే పనిలో ఉన్నాడు. కట్టెల మీద గానీ గుడ్డ మీద గానీ చెయ్యి వేయలేదు. పిలుపు విని నడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. చెయ్యి చాపాడు.

"ఇయ్యి నిస్సీ," అన్నాడు.

"ఇయ్యను."

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత సీఐ వైపు తిరిగి, "ఇయ్యదంట సార్," అన్నాడు.

సీఐయే వచ్చి నా మణికట్టు మెలిపెట్టి ఫోన్ లాక్కున్నాడు. తడిసిన గుడ్డను కూడా సాక్ష్యమని జీపులో వేయించాడు.

మర్నాడు జిల్లా పేజీలో "నీళ్ల కుండలకూ కోడ్!" అన్న శీర్షికతో వార్త వచ్చింది. వీడియో ఊర్లు దాటిపోయింది. ప్రతిపక్షం వాళ్లు దాన్ని వాళ్ల ప్రచారంలో పెట్టుకున్నారు. లక్ష్మక్క గొంతు తీసేసి వాళ్ల పాట అతికించారు. అది చూసి నాకు ఒళ్లు మండింది. ఆ పార్టీ వాళ్లకు ఫోన్ చేసి తీసేయమన్నాను. తీయలేదు.

సీఐ ఇంకో రకంగా చెప్పాడు. చర్చి ముసుగులో పార్టీ వాళ్లు చలివేంద్రం పెట్టారట. విలేకరినని చెప్పుకునే ఒక స్త్రీ ఆడవాళ్లను రెచ్చగొట్టిందట. మద్దిలేటి వాళ్ల పత్రిక దాన్నే వేసింది. పోలీసుల విధులకు ఆటంకం కలిగించామని నా మీదా, అమ్మ మీదా, లక్ష్మక్క మీదా కేసు పెట్టారు.

యేసుప్రసాద్‌ను కర్ణాటక వైపు పోయే రోడ్డు మీది చెక్‌పోస్టుకు వేశారు. చుట్టుపక్కల చెట్టు లేని చోటు. సాయంత్రానికి కళ్లు ఎర్రబడి, పెదాలు పగిలి వచ్చేవాడు. క్వార్టర్స్‌లో ఆడవాళ్లు నన్ను చూసి తలుపులు దగ్గరికి వేసుకునేవాళ్లు. ఇంట్లో కూడా మాటలు తగ్గాయి. ఒక పొద్దున బూట్లు తొడుక్కుంటూ ఆయనే మొదలుపెట్టాడు.

"ఆ ఈడియో పంపేముందు నన్నొక మాట అడగొచ్చు గదా."

"యాడ అడగాల? నువ్వు రోడ్డు మీద ఉండావు, నేను రోడ్డు మీద ఉండా. అడిగినా వద్దంటావు."

"అంటా. వద్దనే అంటా. జీతం మీద బతికేటోన్ని, భయం ఉండదా నాకు?"

"నాకు లేదనుకుంటాండావా?"

ఆయన లేసు ముడి బిగించుకుని లేచాడు. "నీ భయం నీ దగ్గరే ఉంటాది. నా భయాన్ని దినామూ సార్ ముందర నిలబెట్టి చూపిస్తాండా," అని వెళ్లిపోయాడు.

చాలాసేపు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని, మద్యం నిల్వల మీద వార్త కోసం పక్క ఊరికి పోయాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం రైటర్ వెంకటేశ్వర్లు మా ఇంటికొచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం. చెడ్డవాడేం కాదు. గడప దాటి లోపలికి రావడానికే ఇబ్బంది పడ్డాడు.

"నీ స్టేట్‌మెంటు అబ్బీ. సంతకం పెట్టాల," అన్నాడు మా ఆయనతో.

నేను సీఐని బూతులు తిట్టినట్టు, చొక్కా పట్టుకున్నట్టు, ప్రతిపక్షానికి జై కొట్టినట్టు అందులో రాశారు. ప్రత్యక్ష సాక్షి, నిందితురాలి భర్త.

"మొగుడే సెప్తాంటే ఇంగ కాదనేదెవురు? అందుకే సార్‌కు నీ సంతకమే కావాలంట," అన్నాడు వెంకటేశ్వర్లు. "నా మాట ఇను. పెట్టు. ఎలక్షన్ అయినాక అంతా సల్లబడతాది. కేసు నిలబడకుండా నేను సూస్తా. పెట్టలేదంటే నీ ఉద్యోగం మీదికొస్తాది. ఈ ఇల్లు గూడా ఖాళీ సేయాల."

నేను వంటింటి గడపలో జొన్నపిండి కలుపుతున్నాను. ఒక్క మాట కూడా అనలేదు. అంటే అది నా మాట అయిపోతుంది. అక్కడ కావలసింది ఆయన మాట.

యేసుప్రసాద్ కాగితాన్ని చివరిదాకా చదివాడు.

"బూతులు తిట్టిందని రాసినారు. నేను ఇనలే అన్నా."

"ఇన్నావో లేదో ఎవురు అడగొచ్చినారు?"

"కోర్టులో అడుగుతారు గదన్నా," అని కాగితం తిరిగి చేతిలో పెట్టాడు. "టీ తాగిపో."

వెంకటేశ్వర్లు టీ తాగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. యేసుప్రసాద్ కుర్చీ లాక్కుని, దాని మీదికెక్కి, ఫ్యాను రెక్కల మరలు ఇప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తాండావు?" అన్నాను.

"ఫ్యాను మనది. గవర్మెంటుది కాదు. వాళ్లు గెంటినాక ఇప్పుకోవాలంటే ఎవురు ఇప్పనిస్తారు? పట్టుకో."

రెక్కలు ఒక్కొక్కటిగా ఇప్పి నా చేతికిచ్చాడు. నా చేతులకున్న పిండి వాటికంటింది.

క్రమశిక్షణ తప్పాడని ఆయన్ను సస్పెండ్ చేశారు. సామాను ఆటోలో వేసుకుని అమ్మ ఇంటికి చేరాం. ఆ ఇంట్లో ముగ్గురం కాళ్లు చాపితే గోడలు తగిలేవి. అమ్మ అల్లుణ్ని ఏమీ అడగలేదు. రొట్టెలు మాత్రం రోజూ ఎక్కువ చేసి, తినేదాకా ఎదురుగా కూర్చునేది.

ఈస్టర్ అయిపోయింది. మామూలుగా ఆ పండుగతో చలివేంద్రం ఎత్తేస్తారు. ఆ ఏడు అమ్మ ఎత్తనంది.

"పందిరి ఉంటేనే గదా రంగు అంటాడు? పందిరే వద్దు," అంది.

ఆ మాట ప్రకారమే స్త్రీల మైత్రి ఆడవాళ్లు బస్టాండు దగ్గర, అదే చోట, నెత్తిన కొంగులు కప్పుకుని ఎండలో వరుసగా నిలబడ్డారు. చంకన స్టీలు బిందెలు, చేతిలో చెంబులు. నీడ లేదు, గుడ్డ లేదు, బోర్డు లేదు. బస్సు ఆగగానే కిటికీల దగ్గరికి పోయి నీళ్లు పోసేవాళ్లు. ఒకరు అలసిపోతే ఇంకొకరు. మొదట్లో మా చర్చి వాళ్లే. తర్వాత కూరగాయలమ్మే ఆడవాళ్లు, ఊర్లో రెడ్ల ఇంటి కోడలు ఒకామె కూడా వచ్చి నిలబడ్డారు. యేసుప్రసాద్ మోటారుసైకిలుకు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని బోరు దగ్గర నుంచి నీళ్లు తెచ్చేవాడు. సస్పెండైన కానిస్టేబుల్ నీళ్లు మోయడం చూసి కొందరు నవ్వారు. ఆయన తల ఎత్తేవాడు కాదు. మోయడం మాత్రం ఆపలేదు.

ఒకరోజు సీఐ జీపు వచ్చి ఆగింది. వెనక సీట్లోంచి ఒక కానిస్టేబుల్ దిగి, ఎటూ చూడకుండా ఖాళీ సీసా చాపాడు. లక్ష్మక్క నింపింది.

"సార్‌కు గూడా పోయమంటావా నాయనా?" అని ఊరంతా వినేటట్టు అడిగింది.

సీఐ అద్దం ఎత్తేసుకున్నాడు. నేను అప్పుగా తెచ్చుకున్న ఫోన్‌తో ఆ ఫొటో తీశాను. డ్రైవరు బండి తిప్పేదాకా తీస్తూనే ఉన్నాను.

విచారణకు రమ్మని నోటీసు వచ్చింది. పొద్దున పోతే మధ్యాహ్నం వరకు బెంచీ మీద కూర్చోబెట్టారు. నన్ను వదినా అని పిలిచే కానిస్టేబుళ్లు నా ముందు నుంచే అటూ ఇటూ తిరిగారు గానీ ఒక్కరూ పలకరించలేదు. తర్వాత సీఐ పిలిచాడు. నా ఫోన్ ఆయన టేబులు మీద ఉంది.

"పాస్‌వర్డ్ చెప్పు."

"చెప్పను సార్."

"ఆ ఈడియో తీయమని ఎవురు చెప్పినారు? ఎవురి దుడ్లు తింటాండావు?"

"మా పేపరోళ్లు జీతమే సరిగా ఇయ్యరు సార్. ఇంగ దుడ్లు యాడివి?"

"నవ్వులాటగా ఉండాదా? నీ మొగుడు నీళ్లు మోస్తాండాడు. మీ అమ్మ ఎండలో నిలబడి సస్తాంది. అయినా బుద్ధి రాలే నీకు. మీ విలేకరులంతా ఇంతే. మేము ఎండలో ఎలక్షన్ చేస్తాంటే సందులో దూరి ఫొటోలు తీసేది. ఈసారి గెలిచినాక మీ సంగతి చూస్తాం."

"గెలిచేది మీరా సార్?" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. అయినా చెప్పాలనుకున్నది చెప్పేశాను.

"మీరు ఓటు ఎవరికేసుకుంటారో మీ ఇష్టం సార్, నేను అడగను. ఆ ఓటును యూనిఫారం జేబులో పెట్టుకుని బస్టాండుకు రావద్దు. వస్తే రాస్తా. ఇంకో ఫోన్ లాక్కుంటే ఇంకోటి తెచ్చుకుని రాస్తా."

అదే సమయానికి మద్దిలేటి రోజువారీ వివరాల కోసం తలుపు దగ్గరికొచ్చాడు. సీఐ గొంతు మార్చి, "రా మద్దిలేటీ, కూర్చో. టీ తాగు," అన్నాడు. మద్దిలేటి నన్ను చూశాడు, టేబులు మీది ఫోన్ చూశాడు.

"ఆమెకు టీ ఇచ్చినారా సార్?"

"ఆమెను విచారిస్తాండాం."

"అట్లనా. అయితే నేనూ బయట బెంచీ మీద ఉంటాలే సార్. ఆమె వచ్చినాక పోతా," అని బయటికి నడిచాడు.

సాయంత్రం నన్ను వదిలేదాకా అతను ఆ బెంచీ మీదే ఉన్నాడు. బయటికొచ్చాక క్షమించమనీ అనలేదు, ధైర్యం చెప్పనూ లేదు. "విచారణ పేరుతో విలేకరిని పొద్దంతా కూర్చోబెట్టినారని రాస్తాండా. టైములు సరిగ్గా సెప్పు," అన్నాడు. చెప్పాను. మర్నాడు అతని పత్రికలో, లోపలి పేజీలో, చిన్నదిగా వచ్చింది. అతని పేరుతోనే వచ్చింది.

పోలింగు రోజు విలేకరులకిచ్చే పాసు నాకు ఇవ్వలేదు. కేంద్రం బయట గీసిన గీతకు ఇవతల నిలబడే రాశాను. ఎవరు ఏ బూత్‌కు పోలీసు బండిలో వచ్చారో గీత ఇవతలికి కూడా బాగానే కనబడింది.

ఓట్లు లెక్కపెట్టారు. ప్రభుత్వం మారింది. రంగనాథ్‌ను పోస్టింగు లేకుండా కర్నూలుకు పిలిపించారని తెలిసింది. గెలిచినవాళ్లు టపాసులు కాల్చుకుంటూ అమ్మ ఇంటికొచ్చారు. నా మెడలో ఊదారంగు కండువా వేసి, "నీ ఈడియోతోనే మండలమంతా మనవైపు తిరిగిందమ్మా," అన్నారు. నేను కండువా తీసి వాళ్లలో ఒకని భుజం మీద వేశాను. వాళ్లు అమ్మ వైపు తిరిగారు.

"మీకోసం పెట్టలే నాయనా కుండలు. దాహమైనోళ్లకు పెట్టినాం," అంది అమ్మ. "మా గుడ్డ స్టేషన్‌లో ఉండాది. అది ఇప్పించండి సాలు."

గుడ్డ రాలేదు. యేసుప్రసాద్ సస్పెన్షన్ మాత్రం ఎత్తేశారు. అదే స్టేషన్‌లో చేరమని ఉత్తర్వు వచ్చింది. కొత్త సీఐగా వీరభద్ర అనే ఆయన వచ్చాడు. ఆయన్ను కొత్త ఎమ్మెల్యే పట్టుబట్టి రప్పించుకున్నాడని ఊరంతా అనుకున్నారు.

తొలివానలు పడి రైతులు విత్తనాలకు తిరుగుతున్న రోజులు. యేసుప్రసాద్ డ్యూటీలో చేరడానికి ముందు రోజు పొద్దున బస్టాండులో గొడవని తెలిసి పరుగెత్తాను. గెలిచిన పార్టీ మనుషులు ఉరుకుందు విత్తనాల అంగడి షట్టరు విరగ్గొట్టి, సంచులు కోసి, పత్తి విత్తనాలు, ఆముదాలు బురదలో పోస్తున్నారు. పోలీసు జీపు పక్కనే ఉంది. సీఐ అందులో కూర్చునే ఉన్నాడు. ఉరుకుందు చొక్కా చినిగి, నోటి నుంచి నెత్తురు కారుతోంది. ఆ ఎండాకాలమంతా నన్ను చూసి నవ్విన మనిషి.

"తీయమ్మా. నువ్వన్నా తీయి," అన్నాడు.

అతను చెప్పకముందే తీస్తున్నాను. అంగడి తీశాను, సంచులు కోసేవాళ్ల మొహాలు తీశాను, తర్వాత జీపు తీశాను. వీరభద్ర దిగివచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"నువ్వు నిస్సీవి గదా? నీ ఈడియో మేమంతా చూసినాం. శానా ధైర్యం. నీ మీద పెట్టిన కేసు తీసేయమని ఎమ్మెల్యేగారు చెప్పినారు. ఫైలు నా టేబులు మీదనే ఉండాది. రేపు మీ ఆయన గూడా చేరతాండాడు. ఇట్లాంటప్పుడు ఇది అవసరమామ్మా?"

"ఆ కేసు అబద్ధం సార్. అబద్ధమని తీసేస్తే తీసేయండి. ఈ వీడియోకు బదులుగా అయితే వద్దు."

"నువ్వు ఎవురి పక్కమ్మా అసలు?"

"అంగడి పగలగొడతాంటే మీరు జీపులో ఎందుకు కూర్చున్నారో చెప్పండి సార్. మీరు చెప్పింది చెప్పినట్టు రాస్తా."

ఆయన "మీ విలేకరులకు ఎంత చేసినా ఇంతే," అని జీపెక్కాడు.

ఆ ఫైలు మూయలేదు. ఇప్పటికీ వాయిదా ఉన్నప్పుడల్లా అమ్మ, లక్ష్మక్క, నేను సద్ది కట్టుకుని కోర్టుకు పోతాం. లక్ష్మక్క ప్రతిసారీ మంచి చీర కట్టుకుని వస్తుంది.

అంగడి పగలగొట్టిన రోజు సాయంత్రం యేసుప్రసాద్ వాకిట్లో కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. ఉరుకుందు అంగడి సంగతీ, సీఐ అన్న మాటలూ మొత్తం చెప్పాను. రేపు ఆ సీఐ ముందు నిలబడాల్సింది ఆయనే కాబట్టి దాచకుండా చెప్పాను.

"మొగాలు కనపడతాండాయా?" అని అడిగాడు.

"కనపడతాండాయి. జీపు నంబరు గూడా."

రెండో బూటు తీసుకున్నాడు. "సరే, పంపు," అన్నాడు.

తెల్లవారి నేను లేచేసరికి ఆయన స్నానం చేసి యూనిఫారం వేసుకుని బయలుదేరుతున్నాడు. డ్యూటీకి ఇంకా చాలా టైముంది. అమ్మ పొయ్యి కూడా అంటించలేదు.

"ఇంత పొద్దున్నే యాడికి?" అన్నాను.

టోపీ సర్దుకుని మోటారుసైకిలు స్టార్ట్ చేశాడు.

"పేపరు రాకముందే స్టేషన్‌లో ఉండాల," అన్నాడు. "లేకుంటే పేపరు చూసి భయపడి రాలేదనుకుంటారు."